వాట్లు సగమయ్యాయి, బిల్లు ఎందుకు సగం కాలేదు?

పాత ట్యూబులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టించినా కరెంటు బిల్లు అనుకున్నంత తగ్గలేదన్న ఫిర్యాదు ఆఫీసు భవనాల నిర్వహణ చూసేవాళ్ల దగ్గర తరచుగా వినిపిస్తుంది. ఎల్‌ఈడీల్లో లోపమేమీ లేదు. లైటింగ్ యూనిట్లంటే వాట్లను గంటలతో హెచ్చిస్తే వచ్చే లెక్క. వాట్లు తగ్గించే సరుకు బజారులో దొరుకుతుంది కాబట్టి అందరూ అదే కొంటారు. గంటలు తగ్గించే పని మాత్రం వైరింగులోనూ, స్విచ్చుల అమరికలోనూ, సెన్సర్ సెట్టింగులోనూ ఉంటుంది. దాన్ని డబ్బాలో పెట్టి ఎవరూ అమ్మరు. అందుకే చాలా భవనాల్లో పని సగంలోనే ఆగిపోతుంది.

వాట్ల సంగతి ముందు చూద్దాం, ఇది తేలికైన సగం. ఎల్‌ఈడీలు చవక కాకముందు కట్టిన ఆఫీసుల ఫాల్స్ సీలింగులో రెండడుగుల చదరపు ఫిట్టింగులు, ఒక్కోదాంట్లో 36 వాట్ల పొడవాటి సీఎఫ్‌ఎల్‌లు రెండేసి ఉండేవి. చోకు నష్టం కలుపుకుంటే ఒక్కో ఫిట్టింగు 80 వాట్ల దాకా లాగుతుంది. అదే సైజులో ఇప్పుడొచ్చే మంచి ఎల్‌ఈడీ ప్యానెల్ 36 వాట్లతో, వాటుకు 120 ల్యూమెన్ల (దీపం ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత) చొప్పున 4,320 ల్యూమెన్లు ఇస్తుంది.

ఒక హాలు తీసుకుందాం. 12 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు, అంటే 240 చదరపు మీటర్లు. సాధారణ ఆఫీసు పనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 3646 చెప్పే శ్రేణి 300, 500, 750 లక్స్. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు. కంప్యూటర్లే ప్రధానమైన చోట సగటున 400 లక్స్ హాయిగా సరిపోతుంది. కావలసిన లక్స్‌ను విస్తీర్ణంతో హెచ్చిస్తే 96,000. ఒక ప్యానెల్ ల్యూమెన్లను దీపం వెలుతురులో బల్లల దాకా చేరే వంతును చెప్పే వినియోగ గుణకం 0.7తోనూ, దుమ్ముకీ వయసుకీ తగ్గే వెలుతురును లెక్కలోకి తెచ్చే నిర్వహణ గుణకం 0.8తోనూ హెచ్చిస్తే 2,419. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 39.7. అంటే 40 ప్యానెళ్లు. అయిదు వరసలు, వరసకు ఎనిమిది, మధ్యలో దూరం సుమారు రెండున్నర మీటర్లు. మొత్తం 1,440 వాట్లు, చదరపు మీటరుకు 6 వాట్లు. 2017 నాటి ఈసీబీసీ, అంటే ఇంధన పొదుపు భవన నియమావళి, ఆఫీసు భవనాలకు పెట్టిన గరిష్ఠ పరిమితి 9.5 వాట్లు. దానికంటే ఒక మెట్టు పైనున్న ఈసీబీసీ ప్లస్ స్థాయికి 7.6. కనెక్టెడ్ లోడు 100 కిలోవాట్లు గానీ, కాంట్రాక్టు డిమాండు 120 కేవీఏ గానీ దాటే వాణిజ్య భవనాలకు ఈ నియమావళి వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దీన్ని తమ నిబంధనల్లోకి తెచ్చుకున్నాయి. ఇవాళ్టి ఎల్‌ఈడీలతో ఈ పరిమితిని దాటకుండా ఉండటం ఏమంత కష్టం కాదు. దాటిందంటే డిజైనులో ఏదో తేడా ఉన్నట్టే.

ఆ తేడా చాలాసార్లు రంగులో ఉంటుంది. 0.7 అనే వినియోగ గుణకం తెల్లటి సీలింగూ, లేత రంగు గోడలూ ఉన్నప్పుడే వస్తుంది. ఫాల్స్ సీలింగు లేకుండా పైపులూ డక్టులూ కనబడేలా వదిలేసి అన్నిటికీ నల్లరంగు కొట్టే ఫ్యాషన్ ఐటీ ఆఫీసుల్లో బాగా పాకింది. అక్కడ ఆ గుణకం 0.55కి పడిపోతే అదే హాలుకు 51 ఫిట్టింగులు కావాలి. చూడ్డానికి బాగుందని వేయించిన నలుపుకు నెలనెలా బిల్లులో అద్దె కట్టాల్సిందే.

రెండో పొరపాటు ఒకటికి ఒకటి మార్చడం. పసుపెక్కిన అక్రిలిక్ షీటు వెనక అరిగిపోయిన సీఎఫ్‌ఎల్‌లు 250 లక్స్ ఇస్తున్నాయా, 350 ఇస్తున్నాయా అని ఎవరూ కొలవరు. ఫిట్టింగులు దగ్గర దగ్గరగా ఉన్న హాల్లో వాటి స్థానంలో కొత్త ప్యానెళ్లు అదే సంఖ్యలో పెట్టేసరికి బల్లల మీద 600, 700 లక్స్ వస్తుంది. వారం తిరిగేసరికి కళ్లు లాగుతున్నాయని ఫిర్యాదులు మొదలవుతాయి, ఎలక్ట్రీషియన్ ఎక్కి ఇక్కడొకటి అక్కడొకటి కనెక్షన్ పీకేస్తాడు. లక్స్ మీటరుతో నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో, పగటి వెలుతురు కలవకుండా రాత్రిపూట కొలిచి, ఆ తర్వాతే ఎన్ని వాట్ల ప్యానెల్ కావాలో తేల్చుకోవాలి. కళ్లు లాగడానికి లక్స్ ఒక్కటే కారణం కాదు. చవక ప్యానెళ్లలో మెరుపు ఎక్కువ. ఆఫీసుకైతే ఆ మెరుపును కొలిచే యూజీఆర్ విలువ 19 లోపు ఉండాలని కొనుగోలు ఆర్డరులో రాయాలి.

ఇక రాబడి. పాత 40 ఫిట్టింగులు 3,200 వాట్లు, కొత్తవి 1,440. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు వెలిగితే 5,280 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 9 రూపాయలనుకుంటే సుమారు 47,500 రూపాయలు. బిగింపు కూలీతో కలిపి ప్యానెల్‌కు 2,500 పెట్టినా లక్ష రూపాయల పెట్టుబడి రెండేళ్లు దాటిన కొద్ది రోజుల్లో తిరిగొస్తుంది. దీపం లాగే ప్రతి వాటూ చివరికి గదిలో వేడి అవుతుంది కాబట్టి ఏసీ మీద కూడా భారం తగ్గుతుంది. స్ప్లిట్ ఏసీలైతే లైటింగులో మూడు వాట్లు తగ్గిన చోట కంప్రెసర్ దగ్గర సుమారు ఒక వాటు తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు. సెంట్రల్ చిల్లర్లున్న చోట ఇంకాస్త తక్కువ. ఎల్‌ఈడీ అమ్మేవాళ్ల ప్రజంటేషన్లలో ఈ ఏసీ పొదుపును పూర్తిగా కలిపి చూపిస్తారు. వేడిలో కొంత ఫాల్స్ సీలింగు పైనే ఉండిపోతుంది కాబట్టి అందులో సగం వేసుకుంటే చాలు.

ఇప్పుడు గంటలు. పైన చెప్పిన హాలులోనే సెన్సర్లు పెట్టి మరో పాతిక శాతం తగ్గించారనుకుందాం. 1,440 వాట్లు 3,000 గంటలకు 4,320 యూనిట్లు. అందులో పాతిక శాతం 1,080. ఒక్కో ఫిట్టింగుకు 27 యూనిట్లు. అదే భవనం సెల్లార్లోకి దిగి చూస్తే లెక్క తలకిందులవుతుంది. పార్కింగులో 20 వాట్ల ట్యూబులు వందున్నాయనుకుంటే అవి 2 కిలోవాట్లే. కానీ ఏడాదిలో 8,760 గంటలూ వెలుగుతూనే ఉంటాయి, అంటే 17,520 యూనిట్లు. అక్కడ మైక్రోవేవ్ సెన్సర్ ఉన్న రెండు స్థాయిల ఫిట్టింగులు పెట్టి, ఎవరూ లేనప్పుడు 20 శాతం వెలుతురుతో, బండి గానీ మనిషి గానీ కదిలినప్పుడు పూర్తిగా వెలిగేలా చేస్తే, కాలంలో నాలుగో వంతే కదలిక ఉంటుందనుకున్నా సగటు వాడకం 40 శాతానికి దిగుతుంది. ఏటా మిగిలేది 10,500 యూనిట్లు, 94 వేల రూపాయలు. ఫిట్టింగుకు 105 యూనిట్లు. వాట్లు తక్కువని అందరూ వదిలేసే పార్కింగులో సెన్సర్ తన ఖరీదును ఏడాదిలోపే రాబట్టుకుంటే, వాట్లు ఎక్కువని అందరూ ముందుగా మొదలుపెట్టే హాల్లో దానికి రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు పడుతుంది.

అందుకని పనికి దిగేముందు భవనంలోని ప్రతి చోటుకూ వాట్లతో పాటు గంటలు కూడా రాసుకోవాలి. మెట్లు, కారిడార్లు, టాయిలెట్లు, సర్వర్ గది ముందు నడవ, లిఫ్టు లాబీ, సెల్లారు. ఇవన్నీ నిరంతరం వెలిగే చోట్లు, ఎవరి కంటా పడని చోట్లు. డబ్బు తక్కువుంటే ఇక్కడే మొదలుపెట్టాలి.

గంటలు వృథా కావడానికి అసలు మూలం వైరింగు. చాలా భవనాల్లో అంతస్తు మొత్తం లైట్లకు విడిగా స్విచ్చులే ఉండవు. పొద్దున్నే సెక్యూరిటీ గార్డు ఎలక్ట్రికల్ గదిలోకి వెళ్లి ఎంసీబీలన్నీ, అంటే లోడు ఎక్కువైతే కరెంటు తెంచే బ్రేకర్లన్నీ, పైకి కొడతాడు, రాత్రి కిందికి దించుతాడు. ఊడ్చేవాళ్లు ఆరింటికి వస్తే ఆరింటికే అంతస్తంతా వెలుగుతుంది, ఉద్యోగులు తొమ్మిదిన్నరకు గానీ రారు. ఆ మూడున్నర గంటలు ఏ ఎల్‌ఈడీ పొదుపు లెక్కలోనూ కనిపించవు. పైగా ఎంసీబీ ఉన్నది రక్షణకు, రోజూ ఆన్ ఆఫ్ చేయడానికి కాదు. అలా వాడితే దాని కాంటాక్టులు అరిగిపోతాయి. గచ్చిబౌలి, మాధాపూర్ లాంటి చోట్ల అమెరికా వేళలకు పనిచేసే టీములున్న అంతస్తుల్లో ఇది ఇంకా తీవ్రం. మూడు వందల సీట్ల హాల్లో రాత్రి నలభై మంది ఒక మూల కూర్చుంటే మిగతా సీట్ల మీద కూడా తెల్లారేదాకా దీపాలు వెలుగుతుంటాయి. ఆరు నుంచి ఎనిమిది ఫిట్టింగులకు ఒక జోన్ చొప్పున విడగొడితే తప్ప ఇది ఆగదు. ఫిట్టింగులు మార్చడానికి సీలింగు ఎలాగూ విప్పుతారు కాబట్టి జోన్ల వైర్లు కూడా అప్పుడే లాగించాలి. ఆ అవకాశం పోతే మళ్లీ పదేళ్ల దాకా ఎవరూ సీలింగు ముట్టుకోరు.

జోన్లు ఎటు విడగొట్టాలన్నది కూడా ముఖ్యమే. వరసలు కిటికీలకు సమాంతరంగా ఉండాలి. కిటికీ నుంచి లోపలికి అడ్డంగా వరసలు వేస్తే ఒక స్విచ్చు మీద కిటికీ పక్క దీపమూ, చీకటి మూల దీపమూ కలిసే వెలుగుతాయి, దాంతో పగటి వెలుతురు ఎంతున్నా ఏ దీపమూ ఆర్పలేం. పక్క కిటికీ నుంచి పనికొచ్చే వెలుతురు దాని పైఅంచు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల లోతు దాకా వస్తుంది. పైఅంచు 2.2 మీటర్ల ఎత్తులో ఉంటే మూడు మీటర్ల పైచిలుకు. అంటే మన హాల్లో కిటికీ వైపు మొదటి వరస కచ్చితంగా, రెండో వరస కొంతవరకూ. కొత్త భవనమైతే సంగతి వేరు, ఆకృతినే వెలుతురుకు అనుగుణంగా గీయవచ్చు. హైదరాబాద్‌లోని సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మధ్యలో ఖాళీ ప్రాంగణం వదిలి, గదులన్నీ దాని చుట్టూ పేర్చడం వల్ల పగలు దీపాల అవసరం చాలా తగ్గింది. 2003లో అమెరికా బయట పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. కట్టేసిన భవనానికి ప్రాంగణం తవ్వలేం, వరసలైతే మార్చుకోగలం.

పగటి వెలుతురు సెన్సరు విషయంలో జరిగే తప్పులు రెండు. దాన్ని నేరుగా కిటికీ వైపు చూసేలా పెడితే బయట మబ్బు కమ్మినప్పుడల్లా లైట్లు ఊగిసలాడతాయి. తను నియంత్రించే దీపమే తన మీద నేరుగా పడేలా పెడితే దీపం వెలగ్గానే చాలినంత వెలుతురుందని తగ్గించేస్తుంది, తగ్గగానే చాల్లేదని మళ్లీ పెంచుతుంది. సెన్సరు బల్లను చూడాలి. మార్పు నిమిషం మీద మెల్లగా జరిగేలా సెట్ చేయాలి. ఇక పని అంతా రాత్రి షిఫ్టులోనే జరిగే అంతస్తుకు ఈ సెన్సరు దండగ.

మనుషుల ఉనికిని పట్టే సెన్సర్లలో ప్రధానంగా రెండు రకాలు. పీఐఆర్ రకం శరీర వేడి కదలికను చూస్తుంది, దానికి నేరు చూపు కావాలి. గాజు తలుపు, ఎత్తైన పార్టిషన్, టాయిలెట్ క్యూబికల్ గోడ అడ్డొస్తే దానికి మనిషి లేనట్టే. మైక్రోవేవ్ రకం పలచని గోడల్లోంచీ, గాజులోంచీ కూడా చూస్తుంది, కాబట్టి కారిడార్లో నడిచే మనిషికి పక్క మీటింగ్ గదిలో దీపాలు వెలుగుతాయి. పార్కింగులో, టాయిలెట్లలో మైక్రోవేవ్, కేబిన్లలో పీఐఆర్ అన్నది మొత్తం మీద సరైన ఎంపిక. పీఐఆర్‌ను ఏసీ గాలి గ్రిల్‌కు ఒకటిన్నర మీటర్ల దూరంలోనైనా ఉంచాలి. కేటలాగులో రాసిన ఎనిమిది మీటర్ల వ్యాసం నడిచే మనిషికి వర్తిస్తుంది. కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద వేళ్లు కదిపే మనిషిని పట్టాలంటే నాలుగైదు మీటర్లకు మించి నమ్మకూడదు.

ఈ పథకాలు నిజంగా దెబ్బతినేది సెట్టింగు దగ్గర. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చాలా సెన్సర్లలో ఆరిపోయే వ్యవధి ఒక నిమిషం లోపే ఉంటుంది, పరీక్షకు అనువుగా. బిగించేవాడు దాన్ని అలాగే వదిలేస్తాడు. మీటింగ్ మధ్యలో దీపాలారిపోవడం, జనం చేతులూపడం, చివరికి మేనేజరు గట్టిగా కసిరితే ఎలక్ట్రీషియన్ సెన్సర్ వైర్లు రెండూ కలిపి టేపు చుట్టేయడం. ఆ రోజు నుంచి సెన్సర్ సీలింగుకు అలంకారం. కూర్చుని పనిచేసే చోట 10 నుంచి 15 నిమిషాలు, కారిడార్లో అయిదు, పార్కింగులో ఒకటి రెండు నిమిషాలు పెట్టాలి. కేబిన్లలో ఇంకో ఉపాయం ఉంది: వెలిగించడం స్విచ్చుతో మనిషే చేయాలి, ఆర్పడం మాత్రం సెన్సర్ చూసుకోవాలి. ఫైలు తీసుకుని వెళ్లడానికి క్షణం లోపలికొచ్చినవాడికి దీపం దానంతటదే వెలగదు. ఖర్చు పెరగకుండా దక్కే పొదుపు ఇది.

సెన్సర్ లోపల స్విచ్చులా పనిచేసే రిలే అతుక్కుపోవడం మరో సమస్య. ఎల్‌ఈడీ డ్రైవర్ (చిప్పుకు తగిన కరెంటును అందించే పరికరం) ఆన్ చేసిన క్షణంలో, సెకనులో వెయ్యో వంతు కూడా లేని వ్యవధిలో, పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 10 ఆంపియర్ల రిలే అని సెన్సర్ మీద రాసి ఉంటే అది హీటరు లాంటి లోడుకు. ఎల్‌ఈడీలకు రెండు మూడు ఆంపియర్లకు మించి ఇవ్వకూడదు, అంతకంటే ఎక్కువుంటే సెన్సర్‌తో కాంటాక్టరును, అంటే పెద్ద లోడును మోసే విద్యుత్ స్విచ్చును, నడిపించాలి. అంతస్తంతా ఒక్కసారి ఆన్ చేస్తే బీ కర్వ్ ఎంసీబీలు పడిపోయేదీ ఇందుకే. క్షణికమైన ఎక్కువ కరెంటును తట్టుకునే సీ కర్వ్ వాడి, ఒక ఎంసీబీకి ఎన్ని డ్రైవర్లన్నది తయారీదారు పట్టిక చూసి తేల్చాలి.

డిమ్మింగ్, అంటే వెలుతురు తగ్గించి పెంచడం, కావాలనుకుంటే ఫిట్టింగులను డిజిటల్ సంకేతాలతో నడిపే డాలీ వ్యవస్థ చక్కగా పనిచేస్తుంది. రెండు వైర్ల లైను మీద 64 చిరునామాలు, 16 గ్రూపులు, గరిష్ఠంగా 300 మీటర్లు. కానీ ఎల్‌ఈడీ వల్ల వాట్లు ఎలాగూ సగానికి పైగా తగ్గాక మిగిలినదాంట్లో పాతిక శాతం కోసం ఫిట్టింగు ధర రెట్టింపు చేసుకోవడం మామూలు ఆఫీసుకు అరుదుగా గిట్టుబాటవుతుంది. బోర్డు రూములకూ, ఆడిటోరియాలకూ సరే.

కాలిపోయే ఎల్‌ఈడీల్లో చాలావాటికి చిప్పు బాగానే ఉంటుంది, పోయేది డ్రైవరు. యాభై వేల గంటల జీవితం అని డబ్బా మీద రాసేది చిప్పు వెలుతురు 70 శాతానికి తగ్గే దాకా పట్టే కాలం. డ్రైవర్లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లెక్క వేరు. దాని ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. టాప్ ఫ్లోరులో స్లాబుకూ ఫాల్స్ సీలింగుకూ మధ్య వేసవిలో ఎంత వేడి ఉంటుందో తెలిసిందే. గ్లాస్ ఊల్ పరుపు కింద నలిగిపోయిన డ్రైవరు రెండేళ్లు కూడా నిలవదు. డ్రైవరు విడిగా ఉండి, మార్చుకునే వీలున్న ఫిట్టింగే కొనాలి.

వోల్టేజీ మరో శత్రువు. మూడు ఫేజుల ప్యానెల్లో న్యూట్రల్ లింకు వదులైతే తక్కువ లోడున్న ఫేజు మీద 300 వోల్టులు దాటిపోతుంది, ఒక్క పూటలో అంతస్తులో మూడో వంతు డ్రైవర్లు పోతాయి. కంపెనీ సరుకు నాసిరకమని తగవుకు దిగేముందు న్యూట్రల్ బోల్టులు బిగించి ఉన్నాయో లేదో చూడాలి. ఎల్‌ఈడీలతో న్యూట్రల్‌కు ఇంకో భారం కూడా ఉంది: చవక డ్రైవర్లు పుట్టించే మూడో హార్మోనిక్, అంటే మామూలు కరెంటుకు మూడు రెట్ల వేగంతో ఊగే కరెంటు, మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్లో కలిసిపోతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.9 పైన, హార్మోనిక్ వక్రీకరణ 20 శాతం లోపు అని ఆర్డరులో రాయడం అందుకే. డీబీలో, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో, సర్జ్ రక్షణ పరికరం, ఓవర్ వోల్టేజ్ రిలే పెట్టడం నలభై డ్రైవర్లు కొనడం కంటే చవక. జనరేటరుకు తరచూ మారే భవనాల్లో అయితే తప్పనిసరి.

చీరల దుకాణాలకూ, నగల షోరూములకూ ఇదంతా యథాతథంగా పనికిరాదు. అక్కడ వెలుతురు సరుకు అమ్మకంలో భాగం. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ విలువ 80 ఉన్న మామూలు ఎల్‌ఈడీ కింద ఎర్రటి పట్టు చీర మట్టిరంగుకు దిగిపోతుంది, ఎందుకంటే ముదురు ఎరుపును కొలిచే ఆర్9 విలువ వాటిలో సున్నా దగ్గర ఉండొచ్చు. సీఆర్‌ఐ 90, ఆర్9 కనీసం 50 అడగాలి. అలాంటివి వాటుకు పది పదిహేను శాతం తక్కువ వెలుతురిస్తాయి, ఆ నష్టం భరించాల్సిందే. షోరూములో పొదుపు వచ్చేది దుకాణమంతా వెయ్యి లక్స్‌తో నింపడం మాని, మామూలు వెలుతురు 300 నుంచి 400 దగ్గర ఉంచి, ఇరుకు కోణం ట్రాక్ లైట్లతో ప్రదర్శన మీద దానికి మూడు రెట్లు పడేలా చేయడం వల్ల. చుట్టూ తగ్గితేనే మధ్యది మెరుస్తుంది. 70 వాట్ల మెటల్ హాలైడ్ స్థానంలో 30 వాట్ల ట్రాక్ లైటు సరిపోతుంది. హాలైడ్ ఆరితే మళ్లీ వెలగడానికి నిమిషాలు పట్టేది కాబట్టి మధ్యాహ్నం కస్టమర్లు లేకపోయినా ఆర్పేవారు కాదు. ఎల్‌ఈడీకి ఆ ఇబ్బంది లేదు కానీ అలవాటు మిగిలిపోయింది.

పాత ఫిట్టింగునే ఉంచి ఎల్‌ఈడీ ట్యూబు మాత్రం వేసే చిన్న ఆఫీసులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నేరు మెయిన్స్‌తో నడిచే ట్యూబుకు చోకునూ స్టార్టరునూ సర్క్యూట్ నుంచి పూర్తిగా తప్పించాలి. ఎలక్ట్రానిక్ చోకును వదిలేసి దాని మీదే అలాంటి ట్యూబు వేస్తే రెండూ పోతాయి. వైరింగు మార్చిన ఫిట్టింగు మీద ఆ సంగతి స్టిక్కరు అంటించాలి, తర్వాతెప్పుడో వచ్చిన మనిషి తెలియక పాత ట్యూబు బిగిస్తే ప్రమాదం. స్విచ్చు ఆపాక కూడా ట్యూబు మసగ్గా మిణుకుమంటుంటే స్విచ్చు ఫేజు మీద కాక న్యూట్రల్ మీద ఉండొచ్చు. ముందు దాన్ని సరిచేయాలి. స్విచ్చులో చిన్న సూచిక దీపం ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది, అది ప్రమాదం కాదు.

పొదుపు వచ్చిందో లేదో మొత్తం బిల్లు చూసి చెప్పలేం. ఎండలు ముదిరితే ఏసీ పెరిగి లైటింగు పొదుపును మింగేస్తుంది. లైటింగు డీబీకి విడిగా చిన్న ఎనర్జీ మీటరు పెట్టి, మార్చకముందు ఒక వారం, మార్చాక ఒక వారం గంటవారీ రీడింగులు తీయాలి. రాత్రి రెండింటికి ఎన్ని కిలోవాట్లు ఉన్నాయన్నది ఆ గ్రాఫులో అన్నిటికంటే విలువైన అంకె. ఎవరూ లేని వేళ లోడు పగటి లోడులో అయిదో వంతు దాటితే సెన్సర్లు పనిచేయడం లేదు, లేదా ఎవరో వైర్లు కలిపేశారు.

తీసేసిన పాత ట్యూబులను చెత్తకుండీలో వేయకూడదు, ఒక్కో ట్యూబులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ఇ-వేస్ట్ నిబంధనల కింద వీటిని రిజిస్టరైన రీసైక్లర్‌కే అప్పగించాలి. అట్టపెట్టెల్లో నిలువుగా, పగలకుండా సర్ది, సంఖ్య రాసిన రసీదు తీసుకోవాలి. పొడవాటి ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, దిగుమతి, ఎగుమతులను 2027 చివరికల్లా ఆపేయాలని పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పంద దేశాలు 2023లో తీర్మానించాయి కాబట్టి, మంచిగా ఉన్న పాత ట్యూబులను స్పేర్లుగా స్టోర్ గదిలో దాచుకోవడంలో అర్థం లేదు. ఆ జాగాలో కొత్త ప్యానెల్ డ్రైవర్లు, అదే బ్యాచ్‌వి, వందకు నాలుగైదు చొప్పున పెట్టుకోవాలి.